హార్బర్‌లో ప్రైవేట్ యాట్ బుక్ చేసే ముందు: పడవను చివర్లో ఎంచుకోండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అమ్మానాన్నల 40వ పెళ్లిరోజుకి 25 మంది బంధువులతో హార్బర్‌లో ఒక సాయంత్రం 4 గంటల పాటు ప్రైవేట్ యాట్ తీసుకోవాలనుకుంటున్నారు. వచ్చేవాళ్లలో 5 మంది చిన్నపిల్లలు. అమ్మగారికి మోకాలి ఆపరేషన్ అయింది. ఒక కంపెనీ పంపిన యాట్ ఫోటోలు బాగా నచ్చాయి. అడ్వాన్స్ కట్టేయొచ్చా, అమ్మానాన్నలకి చెప్పకుండా సర్‌ప్రైజ్ చేయొచ్చా అని అడిగారు.

అడ్వాన్స్ ఇప్పుడే కట్టకండి. పడవ బాగోలేదని కాదు, అది బాగానే ఉండొచ్చు. కానీ మీరు మొదట పడవను ఎంచుకుని, మిగతావన్నీ దానికి సర్దుబాటు చేయాలని చూస్తున్నారు. నేను చార్టర్ పడవల మీద, అంటే అద్దెకి తిప్పే పడవల మీద, డెక్ పని చేసి, తర్వాత బుకింగ్‌లు చూసే వైపుకి వచ్చాను. సాయంత్రం పాడైందని బాధపడినవాళ్లలో ఎక్కువమందికి యాట్‌తో పేచీ లేదు. ఎక్కే చోటో, వెళ్లిన వేళో, కూర్చునే జాగానో కుదరక ఇబ్బంది పడ్డారు. ఎవరెవరు వస్తున్నారు, ఎక్కడ ఎక్కుతారు, ఏ తేదీ, ఏ వేళ అన్నవి ముందు తేల్చుకుంటే సరిపోయే పడవలు రెండో మూడో మిగులుతాయి. అప్పుడు ఫోటోలు చూసి ఎంచుకోండి.

ముందు మనుషుల లెక్క. కంపెనీ "30 మంది పడతారు" అంటే అది ఏ లెక్కో అడగండి. రేవులో కట్టి ఉంచినప్పుడు పట్టేవాళ్లు వేరు, నీళ్ల మీద తిరుగుతున్నప్పుడు చట్టం అనుమతించే సంఖ్య వేరు, హాయిగా కూర్చోగలిగేవాళ్లు వేరు. రెండోది పడవ సర్టిఫికెట్‌లో రాసి ఉంటుంది. ఒక్కరు మించినా కెప్టెన్ తాడు విప్పకూడదు. చంకలో బిడ్డ కూడా ఆ లెక్కలోకి వస్తుందనే అనుకోండి. ఫోటోగ్రాఫర్‌ని, పాటలు పెట్టే అబ్బాయిని కూడా కలపండి. మీ 25 మంది అలా 27 అవుతారు.

వెతుకుతున్నప్పుడు చాలా అందమైన యాట్‌ల దగ్గర "12 మంది అతిథులు" అన్న మాట పదేపదే కనిపిస్తుంది. సోలాస్ అనే అంతర్జాతీయ భద్రతా ఒప్పందం ప్రకారం 12 మందికి మించి ప్రయాణికులను ఎక్కించుకునే ఓడ ప్యాసింజర్ షిప్ కిందకి వస్తుంది. నిబంధనలన్నీ అక్కడినుంచి బరువెక్కుతాయి కాబట్టి పెద్ద యాట్‌లు కూడా 12 దగ్గర ఆగిపోతాయి. హార్బర్ లోపల తిరిగే పడవలకి ఆయా దేశాల సొంత నియమాలుంటాయి, అవి చాలాచోట్ల తనిఖీ చేసిన పడవకి ఇంకా ఎక్కువమందిని అనుమతిస్తాయి. మీరు అలాంటి అనుమతి ఉన్న పడవనే వెతకాలి. 12 మంది యాట్‌లో 25 మందిని "సర్దేద్దాం" అనేవాళ్లతో మాట అక్కడితో ఆపేయండి.

నా లెక్కలో సర్టిఫికెట్ సంఖ్యలో మూడింట రెండు వంతుల మందే ఆ పడవలో సుఖంగా ఉంటారు. అంటే మీకు 40 మందికి అనుమతి ఉన్నది కావాలి. అందులో నీడలో, వీపు ఆనించుకుని కూర్చునే సీట్లు ఎన్నో విడిగా అడగండి. ముందు భాగంలో పరుపులు వేసిన చోటు ఫోటోల్లో బాగుంటుంది. పెద్దవాళ్లు అక్కడికి వెళ్లనూ లేరు, వెళ్తే లేవనూ లేరు. టాయిలెట్‌లు కూడా అడగండి. 27 మందికి, 4 గంటలకి ఒక్కటి చాలదు. రెండు ఉండాలి, వాటిలో ఒకటి మెట్లు దిగకుండా వెళ్లగలిగేది అయ్యుండాలి.

ఇప్పుడు అమ్మగారి మోకాలు. నా దృష్టిలో మీ ప్లాన్ మొత్తంలో ముఖ్యమైన విషయం ఇదే. మీరు పంపిన వివరాల్లో ఎక్కే చోటు గురించి ఒక్క మాట కూడా లేదు.

పడవ ఎక్కే జెట్టీలు రెండు రకాలు. ఒకటి కదలని కట్ట, రాతిదో కాంక్రీటుదో. నీటిమట్టం దిగితే పడవ దిగుతుంది, కట్ట దిగదు. పోటు మీద, అంటే నీరు నిండుగా ఉన్నప్పుడు, ఒక్క అడుగు వేస్తే పడవలో ఉంటారు. నీరు తీసినప్పుడు అదే చోట మనిషెత్తు నిచ్చెన దిగాల్సి రావచ్చు. రెండోది నీటితో పాటు పైకీ కిందకీ కదిలే తేలే జెట్టీ, పాంటూన్ అంటారు. అక్కడ పడవ అంచు ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటుంది. కానీ ఒడ్డు నుంచి పాంటూన్ మీదకి దిగే వంతెన నీరు తగ్గేకొద్దీ నిటారుగా వాలుతుంది. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకి, చక్రాల కుర్చీకి ఆ వాలు కష్టమే. అయినా రెండింటిలో పాంటూనే మేలు.

ఈ తేడా ఎంత ఉంటుందన్నది రేవుని బట్టి మారుతుంది. మధ్యధరా సముద్రపు రేవుల్లో చాలాచోట్ల అర మీటరు కూడా ఉండదు, అక్కడైతే దీని గురించి ఆలోచించక్కర్లేదు. సిడ్నీలో సుమారు 2 మీటర్ల లోపు. ముంబయిలో పెద్ద పోటు రోజుల్లో 4 మీటర్లు దాటుతుంది. మీ రేవు లెక్క ఆటుపోట్ల పట్టికలో దొరుకుతుంది, తేదీ గంటలతో సహా ఏడాదికి సరిపడా ముందే వేసి ఉంటుంది.

ఆ పట్టిక చూసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. రోజుకి రెండు పోట్లు వచ్చే రేవుల్లో ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అంటే పోటు నుంచి ఆటుకి, నీరు పూర్తిగా తీసేదాకా, 6 గంటల పైచిలుకు. మీరు సాయంత్రం 4కి నిండు పోటు మీద హాయిగా ఎక్కితే, రాత్రి 8కి తిరిగొచ్చేసరికి నీరు చాలావరకు తీసేసి ఉంటుంది. అందరూ ఎక్కడం గురించి అడుగుతారు, దిగడం గురించి అడగరు. దిగేటప్పుడు చీకటి, అలసట, నిద్రపోతున్న పిల్లలు. నీరు ఎక్కుతున్న వేళ బయల్దేరి, పోటు దాటిన కాసేపటికి తిరిగొచ్చేలా చూసుకుంటే రెండు చివర్లా మధ్యస్థమైన మట్టం దొరుకుతుంది. మీ 4 గంటల మధ్యలో పోటు పడితే అంతకన్నా మంచిది లేదు.

పోటు రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఈ శనివారం సాయంత్రం 6కి పోటు ఉంటే వచ్చే శనివారం అదే వేళకి ఆటు దగ్గరపడుతుంది. పెళ్లిరోజు వారం మధ్యలో వచ్చిందని చెప్పారు కదా, ముందు శనివారమా వెనక శనివారమా అన్నది పట్టిక చూసి తేల్చండి. వెన్నెల కోసం పౌర్ణమి కావాలని కొందరు పట్టుబడతారు. అమావాస్య, పౌర్ణమిల దరిదాపుల్లో పోటూ ఎక్కువే, ఆటూ ఎక్కువే. పైగా ఒక రేవులో ఆ పెద్ద పోట్లు ప్రతిసారీ దాదాపు అదే గంటకి వస్తాయి. ముంబయిలో అవి మధ్యాహ్నం, అర్ధరాత్రి ప్రాంతంలో వస్తాయి కాబట్టి పౌర్ణమి సాయంత్రం సూర్యాస్తమయం వేళకి నీరు బాగా తీసి ఉంటుంది. అష్టమి దగ్గరి రోజుల్లో హెచ్చుతగ్గులు తక్కువ. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకి వెన్నెల కన్నా అష్టమే మంచిది.

వీలైతే బుక్ చేసే ముందు ఒకసారి ఆ జెట్టీకి వెళ్లి, నీరు తీసిన వేళ చూసి రండి. చేతికి పట్టుకోవడానికి రెయిలింగ్ ఉందా, కారు ఎంత దగ్గరకి వస్తుంది, దీపాలున్నాయా, కూర్చోవడానికి బల్ల ఉందా. పబ్లిక్ జెట్టీ అయితే పడవ అక్కడ కొద్ది నిమిషాలే ఆగనిస్తారు. ఆలస్యంగా వచ్చే మామయ్య కోసం పడవ అక్కడే కట్టి ఉంచడం కుదరదు. ఎక్కే సమయం కన్నా అరగంట ముందు టైమ్ అందరికీ చెప్పండి.

వేళ విషయానికొస్తే, సాయంత్రం ఎంచుకోవడం సరైనదే. పగలు నేల వేడెక్కి, సముద్రం మీది గాలి ఒడ్డు వైపు వీస్తుంది. చాలా తీరాల్లో అది మధ్యాహ్నం రెండు, మూడు గంటల ప్రాంతంలో జోరుగా ఉండి, పొద్దు వాలేకొద్దీ తగ్గుతుంది. ఉదయం నీళ్లు ఇంకా నిదానంగా ఉంటాయి, కానీ నగరం దీపాలు కావాలంటే సాయంత్రమే దారి. సూర్యాస్తమయానికి రెండున్నర గంటల ముందు బయల్దేరండి. మొదటి గంట పగటి వెలుగులో తిరగడం, తర్వాత గాలి తగలని ఒక చాటు చోట లంగరు వేసి తిండి, మాటలు, కేక్. పొద్దుగుంకే వేళకి మళ్లీ కదిలి నగరం ఎదురుగా రావడం. సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీలు కిందకి దిగేదాకా ఆకాశంలో నీలి వెలుగు ఉంటుంది, అదే సమయానికి భవనాల్లో దీపాలు వెలుగుతాయి. కుటుంబ ఫోటో ఆ కాస్త సమయంలోనే తీయించండి. భూమధ్యరేఖకి దగ్గరి ఊళ్లలో అది 20 నిమిషాల పైచిలుకు మాత్రమే, అందుకని ఫోటోగ్రాఫర్‌కి ముందే చెప్పి ఉంచాలి.

4 గంటల్లో హార్బర్ మొత్తం చూసేయాలని పెట్టుకోకండి. యాట్ 8 నాట్ల వేగంతో వెళ్తే గంటకి 15 కిలోమీటర్ల లోపే. ఒక నాట్ అంటే గంటకి 1.852 కిలోమీటర్లు. పైగా అలలు లేపకూడదని చాలా చోట్ల వేగానికి హద్దు ఉంటుంది. ఎక్కడానికి, భద్రత గురించి చెప్పడానికి, దిగడానికి కలిపి ముప్పావు గంట పోతుంది. ఆ సమయం మీ 4 గంటల్లో భాగమా కాదా అన్నది తప్పకుండా అడగండి. చాలామంది ఆపరేటర్లు కలిపే లెక్కిస్తారు.

ఫలానా వంతెన కింద, ఫలానా భవనం ముందు పది నిమిషాలు ఆపమని ముందే మాట తీసుకున్నా, కెప్టెన్ ఆపలేకపోవచ్చు. దానికి ఆయన్ని తప్పుపట్టకండి. పడవలు ఢీకొనకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నిబంధనల ప్రకారం, ఇరుకు దారిలో మాత్రమే వెళ్లగలిగే పెద్ద ఓడకి 20 మీటర్ల లోపు పడవలు అడ్డు రాకూడదు. ఫెర్రీల దారులు, నౌకాదళం చోట్లు, పండగ రాత్రుల్లో మూసేసే ప్రాంతాలు కూడా ఉంటాయి. సిడ్నీలో కొత్త సంవత్సరం బాణసంచా రాత్రి హార్బర్‌లో కొంత భాగంలోకి పడవలను రానివ్వరు. మీ తేదీన ఏదైనా పెద్ద కార్యక్రమం ఉందేమో కంపెనీని అడగండి.

గాలి గురించి పెద్దగా టెన్షన్ వద్దు గానీ కొంచెం తెలుసుకుని ఉండాలి. వాన కన్నా గాలి ముఖ్యం. 11 నుంచి 16 నాట్ల గాలికి, అంటే గంటకి 20 నుంచి 30 కిలోమీటర్లకి, బయట అలల మీద తెల్లటి నురగలు తరచుగా కనిపిస్తాయి. హార్బర్ లోపల పెద్ద పడవలో అది సరదాగానే ఉంటుంది. 22 నాట్లు దాటితే చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న బృందానికి నేనైతే తేదీ మార్చమనే చెప్తాను. నీరు ఒక వైపు పారుతూ గాలి ఎదురు వీస్తే అదే గాలికి అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి, కుదుపు ఎక్కువవుతుంది. హార్బర్ ముఖద్వారం దగ్గర బయటి సముద్రపు కెరటం లోపలికి వస్తుంది, అక్కడికి వెళ్లొద్దని ముందే చెప్పండి. వాంతులు మొదలయ్యేది ఎక్కువగా అక్కడే.

ఒప్పందంలో వాతావరణం పేరా మాత్రం రెండుసార్లు చదవండి. ప్రయాణం ఆపే హక్కు కెప్టెన్‌దే, అది అలాగే ఉండాలి. కెప్టెన్ ఆపితే డబ్బు వెనక్కి ఇస్తారా, వేరే తేదీ ఇస్తారా? ఎంతకాలం లోపు వాడుకోవాలి? సగంలో తిరిగి వస్తే ఏమిటి? వాన పడింది కాబట్టి మేం రాము అని మీరంటే చాలా కంపెనీలు దాన్ని మీ వైపు రద్దుగానే చూస్తాయి. పడవకి పైకప్పు, పక్క తెరలు ఉన్నాయా అన్నది అందుకే ముఖ్యం.

ఇవన్నీ తేలాక పడవ రకం దాదాపు తనంతట తానే తేలిపోతుంది. మీ బృందానికి నా సలహా పవర్ కాటమరాన్, అంటే పక్కపక్కనే రెండు అడుగుభాగాలున్న మోటారు పడవ. ఊగడం తక్కువ, డెక్ వెడల్పుగా, ఎక్కువ భాగం ఒకే మట్టంలో ఉంటుంది, లంగరు వేసి ఆగినప్పుడు కూడా నిలకడగా ఉంటుంది. తెరచాప యాట్ అందంగా ఉంటుంది, శబ్దం ఉండదు, కానీ గాలికి ఒక పక్కకి ఒరుగుతుంది. ఆరుగురు కుర్రాళ్లకి అది బాగుంటుంది. పొడుగాటి మోటార్ యాట్ ఫోటోల్లో అన్నిటికన్నా దర్జాగా కనిపిస్తుంది, కానీ వాటిలో జాగా రెండు మూడు అంతస్తులుగా చీలిపోయి, మధ్యలో నిటారు మెట్లుంటాయి. పెద్దవాళ్లు కింద, కుర్రాళ్లు పైన, కేక్ కోసేటప్పుడు సగం మంది లేరు అన్నట్టు తయారవుతుంది. మీకు నచ్చిన ఫోటో ఇలాంటిదే అని నా అనుమానం.

కాగితాల దగ్గర మొహమాటపడకండి. పడవ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఎంతమందికి అనుమతి అన్న సర్టిఫికెట్, కెప్టెన్ లైసెన్సు, అద్దెకి తిప్పడానికి వర్తించే ఇన్సూరెన్స్. సొంత వాడకానికి తీసుకున్న ఇన్సూరెన్స్, డబ్బు తీసుకుని మనుషుల్ని తిప్పినప్పుడు సాధారణంగా పనిచేయదు. ఎవరో స్నేహితుడి స్నేహితుడు తన పడవని సగం ధరకి ఇస్తానన్నప్పుడు ప్రమాదం ఇక్కడే ఉంది. మంచి కంపెనీ అడిగిన రోజే వీటి కాపీలు పంపుతుంది. ఒప్పందంలో పడవ పేరు రాసి ఉండాలి. "ఇదీ లేదా ఇలాంటిదే" అని రాసి ఉంటే, మార్చేటప్పుడు అంతే సామర్థ్యం, అంతే నీడ, అదే జెట్టీ అని చేర్పించండి.

డబ్బు విషయంలో గంట రేటు ఒక్కటే చూస్తే మోసపోతారు. ఇంధనం, సిబ్బంది, జెట్టీ ఫీజు, క్లీనింగ్, పన్ను అందులో ఉన్నాయా, బయటి భోజనం తెచ్చుకోనిస్తారా, దానికి విడిగా వసూలు చేస్తారా, గంట దాటితే ఎంత, డిపాజిట్ ఎప్పటిలోగా వెనక్కి వస్తుంది. వీటన్నిటినీ కలిపిన ఒకే మొత్తం రాతపూర్వకంగా తీసుకుని, అప్పుడు రెండు కంపెనీలను పోల్చండి.

పిల్లల కోసం వాళ్ల బరువుకి తగ్గ లైఫ్ జాకెట్లు కావాలి. పెద్దవాళ్ల జాకెట్ పిల్లాడికి వేస్తే నీళ్లలో పడినప్పుడు జాకెట్ పైకి తేలి, పిల్లాడు కిందకి జారిపోతాడు. 5 మంది బరువులు ముందే కంపెనీకి పంపండి, ఎక్కిన వెంటనే వేసి చూడండి. ఇద్దరు పిల్లలకి ఒక పెద్దమనిషి అని పేర్లతో సహా నిర్ణయించండి. "అందరం చూస్తూనే ఉంటాం" అనుకుంటే ఎవరూ చూడరు.

ఈత గురించి కూడా చెప్పాలి. మెరీనాలో, పడవలు కట్టి ఉన్న చోట ఎవర్నీ నీళ్లలోకి దిగనివ్వకండి, ఒడ్డు నుంచి పడవలకి వచ్చే కరెంటు లీకై నీళ్లలో షాక్ కొట్టి ప్రాణాలు పోయిన ఘటనలున్నాయి. లంగరు వేసిన చోట దిగినా ఇంజినే కాదు, జనరేటర్ కూడా ఆపి ఉండాలి. పొగ సాధారణంగా పడవ వెనకవైపు నుంచి వస్తుంది, అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. వెనక మెట్టు మీద కూర్చున్న పిల్లలకి అది ముందుగా తగులుతుంది. మీది సాయంత్రం ప్రయాణం కాబట్టి ఈత మొత్తానికే వద్దనడం నా మాట. మసక వెలుతురులో నీళ్లలో తల కనిపించదు.

చిన్న విషయాలు కొన్ని. మెత్తని అడుగున్న చెప్పులు, చాలా పడవల్లో అవి కూడా విప్పించేస్తారు. గాలి బుడగలు, రంగు కాగితాల ముక్కలు వద్దు, ప్లాస్టిక్ ఏదైనా సముద్రంలో వేయడం అంతర్జాతీయంగానే నిషేధం. కొవ్వొత్తుల బదులు బ్యాటరీ దీపాలు. టాయిలెట్‌లో టిష్యూలు, డైపర్లు వేయొద్దని పిల్లల తల్లులకి చెప్పండి, అది మూసుకుపోతే మిగతా సాయంత్రమంతా అందరికీ కష్టమే. ఫోటో కోసం అందరూ ఒకే పక్కకి ఒక్కసారిగా పరిగెత్తకూడదు, పడవ ఒరుగుతుంది.

ఇక సర్‌ప్రైజ్ సంగతి. పడవ గురించి అమ్మగారికీ నాన్నగారికీ ముందే చెప్పండి. ఆ వయసులో వాళ్లు రోజూ వేసుకునే మాత్రలుంటాయి, కడుపులో తిప్పకుండా వేసుకునే మాత్ర వాటితో కలిపి వేసుకోవచ్చో లేదో డాక్టర్‌ని అడగాలి. అది కూడా ఎక్కడానికి ముందే వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది, తిప్పడం మొదలయ్యాక అంత లాభం ఉండదు. అమ్మగారు ఎలాంటి చెప్పులు వేసుకోవాలి, చీర కాళ్లకి అడ్డం పడకుండా ఎలా కట్టుకోవాలి, అసలు నీళ్లంటే ఆవిడకి భయమా కాదా, ఇవి ఆవిడే చెప్పాలి. సర్‌ప్రైజ్ కావాలంటే మనుషుల విషయంలో చేయండి. దూరం నుంచి వచ్చే పెద్దమ్మావాళ్లను, పాత స్నేహితులను అరగంట ముందే ఎక్కించి లోపల కూర్చోబెట్టండి. అమ్మానాన్నలను చివర్లో, డెక్‌హ్యాండ్, అంటే డెక్ మీద పనిచేసే మనిషి, చెయ్యి పట్టుకుని నెమ్మదిగా ఎక్కించమని కెప్టెన్‌కి ముందు రోజే చెప్పి ఉంచండి.